ఫ్రెంచి వడ్రంగి పెట్టెలో కుందేలు: 'రబో' అనే మాట పుట్టుక, అర్థాలు

పదవేట:
అందరికీ నమస్కారం. పారిస్‌లోని ఓర్సే మ్యూజియంలో ఉన్న ఒక చిత్రం గురించి తెలుగులో చిన్న వ్యాసం రాస్తున్నాను. గుస్తావ్ కాయ్‌బోత్ 1875లో వేసిన తైలవర్ణ చిత్రం అది. ముగ్గురు పనివాళ్లు చొక్కాలు విప్పి, మోకాళ్ల మీద వంగి, ఒక గదిలోని చెక్క నేలను నున్నగా చేస్తుంటారు. ఎదురుగా బాల్కనీ కిటికీ. దాని వెలుతురు వాళ్ల వీపుల మీదా నేల మీదా పడుతుంటుంది. ఆ ఏడాది జరిగిన అధికారిక ప్రదర్శనలో న్యాయనిర్ణేతలు దాన్ని తిరస్కరించారు. మరుసటి ఏడు, 1876లో, ఇంప్రెషనిస్టులు అనే చిత్రకారుల బృందంవారు తమ రెండో ప్రదర్శనలో దానికి చోటిచ్చారు.

చిత్రం పేరు ఫ్రెంచిలో 'లే రబోతర్ ద పార్కే'. పార్కే అంటే చెక్క పలకలు పరిచిన నేల. ఆ మాటతో ఇబ్బంది లేదు. 'రబోతర్' దగ్గర ఆగిపోయాను. 'రబో' అనే పనిముట్టు పట్టి పనిచేసేవాడు రబోతర్. రబో అంటే వడ్రంగి చిత్రిక అని నిఘంటువు చెప్పింది. అంతటితో ఊరుకుంటే సరిపోయేది. వ్యుత్పత్తి చూద్దామని కిందికి దిగితే అక్కడ కుందేలు కనిపించింది! అదే పేజీలో 'రబోతె' అనే విశేషణం ఉంది. దానికి అర్థం గరుకైన, ఎగుడుదిగుడైన అని. నున్నగా చేసే పనిముట్టుకూ గరుకుతనానికీ ఒకే మాట ఎలా వచ్చింది? కుందేలుకు వడ్రంగంలో ఏం పని? తెలిసినవారు చెప్పగలరా?

లియాన్_తెలుగు:
పదవేట గారు, మంచి మాట పట్టుకున్నారు. నేను ఫ్రాన్సుకు వచ్చి పదకొండేళ్లయింది. ఈ మాట నేను మొదట విన్నది వడ్రంగి దగ్గర కాదు, రేడియో వార్తల్లో. ప్రభుత్వం ఖర్చులు తగ్గించినప్పుడల్లా 'కూ ద రబో' అంటారు. అంటే 'ఒక చిత్రిక పట్టు'. 2011 బడ్జెట్‌లో చాలా రకాల పన్ను రాయితీలను ఒకే లెక్కన పదేసి శాతం తగ్గించినప్పుడు ఈ మాట మారుమోగిపోయింది. మన పత్రికలు 'కోత' అని రాసే చోట వీళ్లు చిత్రిక అంటారు. కోతలో ఒక ముక్క మొత్తంగా తెగి పడుతుంది. చిత్రికలో పైనుంచి అంతటా సమానంగా ఒక పలుచటి పొర లేస్తుంది. రాయితీ పూర్తిగా పోలేదు, అందరికీ కొంచెం కొంచెం తగ్గింది అనే భావం ఆ ఒక్క మాటలో ఇమిడిపోతుంది.

ఉచ్చారణ గురించి ఒక మాట. చివర 'ట' అక్షరం రాస్తారు గానీ పలకరు, అందుకే 'రబో'. క్రియ చేసినప్పుడు ఆ అక్షరానికి ప్రాణం వస్తుంది: 'రబోతే', చిత్రిక పట్టడం. మీరు రాసిన 'రబోతె'లోని చివరి అచ్చు మన లిపిలో కుదరదు. పెదవులు 'ఓ' అనడానికి చుట్టి నాలుకతో 'ఏ' పలికితే దగ్గరికి వస్తుంది.

వాగర్థం:
కుందేలు నిజమే. కొంచెం వివరంగా చెప్తాను.

చిత్రిక అనే అర్థంలో 'రబో' 14వ శతాబ్దం నుంచి ఫ్రెంచి రాతల్లో కనిపిస్తుంది. నేటి ఫ్రెంచిలో కుందేలును లాపాఁ అంటారు. అయితే కొన్ని ప్రాంతాల పలుకుబడిలో కుందేలుకు 'రబోత్' అనే పేరుండేది. దాని వెనక మధ్యకాలపు డచ్చి మాట 'రొబ్బ' ఉంది. అదీ కుందేలే. పనిముట్టు ఆకారాన్ని బట్టి ఈ పేరు వచ్చి ఉంటుందన్నదే నిఘంటుకారులు ఎక్కువగా ఒప్పుకునే వివరణ. ఇంగ్లీషులో కుందేలుకున్న పేరు 'రాబిట్' కూడా ఈ డచ్చి గూటిదే. అంటే ఫ్రెంచి చిత్రికా ఇంగ్లీషు కుందేలూ దాయాదులు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది, జాగ్రత్త. ఇంగ్లీషు వడ్రంగులు పలక అంచున తీసే మెట్టులాంటి గాడిని 'రాబెట్' అంటారు. దాన్ని తీసేదీ ఒక రకం చిత్రికతోనే. వినడానికి అచ్చం కుందేలే. కానీ ఆ మాటకు రబోతో సంబంధం లేదు. అది 'కిందికి కొట్టడం, మడవడం' అనే అర్థమున్న పాత ఫ్రెంచి క్రియ నుంచి వచ్చింది. పని ఒకటే, పనిముట్టు ఒకటే, ధ్వనీ దాదాపు ఒకటే, వేళ్లు మాత్రం వేరు. పోలిక చూసి వ్యుత్పత్తి చెప్పకూడదని మా గురువుగారు పాఠం చెప్పేటప్పుడు ఇలాంటి జంటలనే చూపించేవారు.

ఇంకో జంట కూడా ఉంది. ఇంగ్లీషులో చిత్రికను 'ప్లేన్' అంటారు. అదే అక్షరాలతో ఫ్రెంచిలో 'ప్లాన్' అనే మాట ఉంది. కానీ ఫ్రెంచి వడ్రంగిని ప్లాన్ ఇమ్మంటే చిత్రిక ఇవ్వడు. రెండు వైపులా పిడులుండి, రెండు చేతులతో ఒంటి వైపుకు లాక్కునే వాదర కత్తిని ఇస్తాడు. రెండు మాటలూ 'చదును' అనే అర్థమున్న లాటిన్ మాట నుంచే బయలుదేరాయి. ఇంగ్లీషువాళ్లు ఆ పేరును ఒక పనిముట్టుకు, ఫ్రెంచివాళ్లు ఇంకో పనిముట్టుకు ఇచ్చుకున్నారు.

ఇక 'రబోతె'. ఇది చిత్రిక పట్టిన తరువాతి స్థితిని చెప్పే మాట కాదు. పాత పలుకుబడిలో ఈ కుటుంబపు మాటలకు నేల మీది మిట్టలు, ఎగుడుదిగుళ్లు అనే అర్థం కూడా ఉండేది. ఆ కొమ్మ నుంచి వచ్చింది ఈ విశేషణం. గతుకుల బాటనూ, చదవడానికి తడబడే శైలినీ రబోతె అంటారు. తల్లి ఒకటే అయినా ఇద్దరు బిడ్డలు వేర్వేరు ఇళ్లలో పెరిగారు.

చెరువుగట్టు:
నాకొక సందేహం. రష్యన్ భాషలో 'రబోత' అంటే పని. నేను చదువుకునే రోజుల్లో విశాఖలో రష్యన్ పుస్తకాలు విరివిగా దొరికేవి, అక్కడ నేర్చుకున్న మాట ఇది. ఫ్రెంచి 'రబోతే' అంటే చిత్రిక పని చేయడం. ఇక 'రోబో' ఉండనే ఉంది, అదీ పనిచేసే యంత్రమే. ఈ మూడూ ఒకటే అయి ఉండవా?

వాగర్థం:
మూడింటిలో రెండు మాత్రమే ఒక ఇంటివి. చెక్ భాషలో 'రొబొత' అంటే భూస్వామికి కూలి లేకుండా చేసే పని, మన వెట్టిచాకిరీ. చెక్ రచయిత కారెల్ చాపెక్ 1920లో రాసిన నాటకంలో మనుషుల్లాంటి కృత్రిమ కూలీలకు పేరు కావలసి వస్తే, ఆయన అన్న యోసెఫ్ ఈ మాటలోంచి 'రోబో' తీసి ఇచ్చాడు. రష్యన్ 'రబోత' దానికి సోదరి. రష్యన్, చెక్ లాంటి స్లావ్ భాషల్లో ఈ మాటల మూలంలో ఉన్నది బానిస. జర్మన్‌లో పనికి వాడే 'ఆర్బైట్' కూడా దూరపు చుట్టమే.

ఫ్రెంచి రబో ఈ ఇంటికి చెందదు. మీకు వచ్చిన సందేహం సహజమైనదే, పని అనే భావం రెండుచోట్లా ఉంది మరి. అయితే ఫ్రెంచి మాట దారి డచ్చి ప్రాంతాల మీదుగా వెళ్తుంది, స్లావ్ దేశాల వైపు వెళ్లదు.

బాడిస_ఉలి:
భాషల లెక్కలు నాకు తెలియవు. ముప్పై ఏళ్లుగా వడ్రంగం చేస్తున్నాను, మా నాన్నా తాతా ఇదే పని. కుందేలు అనగానే నా చిత్రికను తీసి బల్ల మీద పెట్టి చూశాను.

ఇప్పుడు దుకాణాల్లో దొరికే ఇనుప చిత్రికలను పక్కన పెట్టండి, పాత కర్ర చిత్రికను ఊహించుకోండి. జానెడు పొడవు దిమ్మె. ముందువైపు చేతి పట్టుకు కొమ్ములాంటి పిడి. మధ్యలో ఏటవాలుగా చెక్కిన గాడి, అందులో బ్లేడు, అది కదలకుండా బిగించిన కర్ర చీల. పక్కనుంచి చూస్తే వీపు ఎత్తి, చెవులు వెనక్కి వాల్చి నక్కిన కుందేలు కనిపిస్తుంది. పిడి దాని ముక్కు, బ్లేడూ చీలా దాని చెవులు. పలక మీద తోస్తే ఒక్కో ఊపుకు ఒక్కో గెంతు. ఈ పేరు పెట్టింది పండితుడు కాదు, పక్క బల్ల దగ్గర పనిచేస్తున్నవాడే అయి ఉంటాడని నా నమ్మకం.

గరుకుతనం గురించి పదవేట గారు అడిగారు కాబట్టి ఒక మాట. చిత్రికతోనే పలకను గరుకు చేయవచ్చు. చెక్కలో నార ఏ వైపుకు పోతుందో చూసుకుని ఆ వైపుకే తోయాలి. ఎదురు తోస్తే బ్లేడు నార కిందికి దూరి పెళ్లలు లేపేస్తుంది. టేకులో ముడి వచ్చిన చోట నార తిరిగిపోతుంది. అక్కడ చేయి తెలియనివాడు అంతకుముందు నున్నగా ఉన్న పలకను పాడుచేస్తాడు. మాట చరిత్ర ఏదైనా, పని చేసేవాడికి ఆ రెండు అర్థాలూ ఒకే పనిముట్టులో ఉండటం వింతగా అనిపించదు.

లియాన్_తెలుగు:
బాడిస గారు, మీరు చెప్పిన ఆ గాడి పేరు విన్నారా? బ్లేడు కూర్చుని, చెక్కపొర బయటికి వచ్చే ఆ నోటిని ఫ్రెంచివాళ్లు 'లూమియేర్' అంటారు. లూమియేర్ అంటే వెలుగు! దిమ్మెకు పేరు 'ఫ్యూ', పలకను తాకే అడుగు భాగం 'సెమెల్', అంటే చెప్పు అడుగు. ముందు పిడి 'కోర్న్', అంటే కొమ్ము, మీరన్న మాటే. నారకు ఎదురుపోవడాన్ని 'కోంత్రఫిల్' అంటారు, దారానికి ఎదురు అని. వాళ్లకు చెక్కలో కనిపించేది దారం, మనకు కనిపించేది నార.

బాడిస_ఉలి:
వెలుగు అనడంలో అర్థముంది. బ్లేడు ఎంత దిగిందో చూసుకోవడానికి చిత్రికను తిరగేసి, ముక్కు మన వైపుంచి, ఒక కన్ను మూసి అడుగు భాగం వెంబడి చూస్తాం. బ్లేడు అంచు వెంట్రుక మందాన నల్లటి గీతలా కనిపించాలి. ఆ గీత ఒక పక్క లావుగా, ఇంకో పక్క సన్నగా ఉంటే పలక మీద చార పడుతుంది. దిగాలంటే బ్లేడు నెత్తిన సుత్తితో చిన్నగా తట్టాలి, లేవాలంటే దిమ్మె వెనక భాగాన తట్టాలి. ఇదంతా కిటికీ దగ్గర నిలబడి చేసే పని. ఆ సందులోంచి వెలుతురు సన్నటి గీతగా ఇవతలికి వస్తుంది. మా నాన్న దీపం పెట్టే వేళ దాటాక చిత్రిక సరిచేసేవాడు కాదు.

వాగర్థం:
ఆ గీతను మీరు చెప్పినంత దగ్గరగా ఏ నిఘంటువూ చూపించలేదు. ఒక చిన్న చేర్పు: వెలుతురు వచ్చే సందు అనే అర్థం నుంచి ఫ్రెంచిలో లూమియేర్ ఇంకా చాలా రంధ్రాలకు పేరైంది. పాత ఫిరంగికి నిప్పంటించే చిన్న రంధ్రం లూమియేరే. రెండు స్ట్రోకుల ఇంజన్‌లో పొగ పోవడానికీ ఇంధనం రావడానికీ ఉండే రంధ్రాలూ లూమియేర్లే.

కోటబురుజు:
చరిత్ర ఇష్టపడే మనిషిని, ఈ చర్చ చూసి ఆగలేకపోయాను. ఈ పనిముట్టు ఒకప్పుడు ఒక రాజకుటుంబపు పగకు గుర్తుగా మారిందని మీకు తెలుసా?

15వ శతాబ్దపు తొలి ఏళ్లు. ఫ్రాన్సు రాజు ఆరవ చార్లెస్‌కు మతి స్థిమితం తప్పుతుండేది. అధికారం కోసం ఇద్దరు పోటీపడ్డారు: రాజు తమ్ముడు ఓర్లియాన్ ప్రభువు లూయీ, వాళ్ల పినతండ్రి కొడుకు బర్గండీ ప్రభువు జాన్. ఈ జాన్‌ను చరిత్ర 'భయమెరుగని జాన్' అంటుంది. లూయీ తన చిహ్నంగా ముడులున్న మొరటు దుడ్డుకర్రను పెట్టుకున్నాడు. దాని కింద పాచికలాటలో వాడే ఒక మాట, 'పందెం, రా' అన్నట్టుగా. దానికి జవాబుగా జాన్ ఏం ఎంచుకున్నాడు? కత్తి కాదు, సింహం కాదు. చిత్రిక! నీ కర్రకున్న ముడులన్నీ నున్నగా చేస్తానని. దాని కింద 'ఇక్ హౌద్' అని రాయించాడు. 'నాకు సమ్మతమే' అని పందెం అందుకునే మాట అది. ఫ్రెంచి కాదు, ఫ్లెమిష్, అంటే ఫ్లాండర్స్ ప్రాంతపు డచ్చి.

జాన్ బంగారంతో, వజ్రాలతో చిన్న చిన్న చిత్రికలు చేయించి తన పక్షంవారికి కొత్త సంవత్సరం కానుకలుగా పంచిపెట్టాడు. చిత్రిక నుంచి రాలే చెక్కపొరలను కూడా నగలుగా చేయించాడు. 1407 నవంబరు 23 రాత్రి పారిస్ వీధిలో లూయీని జాన్ మనుషులు నరికి చంపారు. అప్పుడు నగరంలో జనం 'ముడుల కర్రకు చిత్రిక పట్టారు' అని చెప్పుకున్నారట. జాన్ ఆ తరువాత పారిస్‌లో తన నివాసానికి కట్టించుకున్న బురుజు ఇప్పటికీ నిలిచి ఉంది. దాని గోడ మీద రాతిలో చెక్కిన చిత్రికలు చూడవచ్చు. కథ అక్కడితో ఆగలేదు. 1419 సెప్టెంబరు 10న మోంతరో వంతెన మీద సంధి మాటలకు వెళ్లిన జాన్‌ను అవతలి పక్షంవారు గొడ్డళ్లతో కొట్టి చంపారు. ఆ చీలిక అదనుగా ఇంగ్లండు రాజు మరుసటి ఏడే ఫ్రాన్సు సింహాసనానికి వారసుడిగా ఒప్పందం రాయించుకున్నాడు.

వాగర్థం:
కోటబురుజు గారు, చాలా సంతోషం. రబో డచ్చి నేల నుంచి వచ్చిన మాట అన్నాను కదా. బర్గండీ ప్రభువులు అప్పటికే ఫ్లాండర్స్‌కు కూడా ఏలికలు. జాన్ నినాదం ఫ్లెమిష్‌లో ఎందుకుందో అర్థమవుతుంది. అయితే అతడి చిహ్నం వల్ల ఈ మాట ఫ్రెంచిలోకి వచ్చిందని మాత్రం అనుకోకూడదు. అంతకు అరవై డెబ్బై ఏళ్ల ముందే వాడుకలో ఉంది. ఇంకో చిన్న విషయం: జనం అన్న ఆ వాక్యంలో క్రియ 'రబోతే' కాదు, 'ప్లానే'. ఇందాక చెప్పిన రెండు పిడుల కత్తి కుటుంబానిది. చిహ్నం పేరు ఒకటి, దాని పనికి వాడిన క్రియ మరొకటి. ఆ రోజుల్లో రెండు మాటలూ పక్కపక్కనే నడిచాయి.

చెరువుగట్టు:
వడ్రంగి పెట్టెలో ఇంకా ఇలాంటి జంతువులున్నాయా? లియాన్ గారు, మీకు తెలిసే ఉంటుంది.

లియాన్_తెలుగు:
ఒక మందే ఉంది! మా వీధిలో ఒక పాత వడ్రంగి ఉన్నాడు, సాయంత్రాలు ఆయన దుకాణంలో కూర్చుంటాను. ఆయన దగ్గర నేర్చుకున్నవి చెప్తాను.

గాడి తీసే చిత్రికను 'బూవే' అంటారు. అంటే కోడెదూడ. పలక అంచున అది తీసే గాడి దుక్కి చాలులా ఉంటుంది. మేకులు పీకే ఇనుప గడ్డపార కొన చీలి ఉంటుంది కదా, దాని పేరు 'ప్యె ద బిష్', అంటే ఆడ లేడి కాలు. రెండు పలకలను ఒకదానిలో ఒకటి ఇరికించే వెడల్పు కొన కీలును 'క్యూ దారోంద్' అంటారు. ఆరోంద్ అంటే వాన కోయిల లాంటి చిన్న పిట్టకు పాత పేరు, క్యూ అంటే తోక. పిట్ట ఎగిరిపోయింది గానీ తోక వడ్రంగంలో మిగిలింది. ఈ రోజు ఆ పిట్టను వేరే పేరుతో పిలుస్తారు.

అన్నిటికంటే నాకు ఇష్టమైనది 'బెదాన్'. బెజ్జాలు తొలిచే సన్నటి మందపాటి ఉలి. పాత ఫ్రెంచిలో 'బెక్ దాన్', బెక్ అంటే ముక్కు. 'ఆన్' అంటే అప్పట్లో బాతు. తరువాత బాతుకు వేరే పేరు వచ్చి ఆ మాట మరుగున పడింది. వినేవాళ్లకు 'ఆన్' అంటే గాడిద అనిపించింది, నేటి ఫ్రెంచిలో గాడిదను అలాగే అంటారు. గాడిదకు ముక్కు ఏమిటని ఎవరూ అడగలేదు, కొందరు అలాగే రాశారు కూడా. లాటిన్‌లో బాతు పేరు చూస్తే గాని అసలు సంగతి తేలదు.

జంతువులు కానివి కూడా ఉన్నాయి. పొడవైన చిత్రిక 'వార్లోప్', అది డచ్చిలో 'ముందు పరిగెత్తేది' అనే మాట నుంచి వచ్చింది. దాన్నుంచే స్పానిష్‌వాళ్లు 'గార్లోపా' చేసుకున్నారు. అంచున మెట్టు తీసే చిత్రికకు ఏకంగా మనిషి పేరు, 'గియోమ్'. చెక్కలో సన్నటి అలంకారపు గీతలు తీసే చిన్న చిత్రిక 'తరాబిస్కో'. దాన్నుంచే అలంకారం మితిమీరిన ఇంటినైనా, వాక్యాన్నైనా 'తరాబిస్కోతే' అంటారు.

యానాంతీరం:
నేను యానాం వాడిని. మా ఊరు 1954 వరకు ఫ్రెంచివారి ఏలుబడిలో ఉందని అందరికీ తెలిసిందే. మా తాతగారి పెట్టెలో పాత చిత్రిక బ్లేడు ఒకటుంది. దిమ్మె ఎప్పుడో చెద తినేసింది. బ్లేడు మీద బాణం మీద నడుస్తున్న సింహం ముద్ర ఉంది. చిన్నప్పుడు అది ఏదో రాజముద్ర అనుకునేవాడిని. కార్లు చేసే పెజో కంపెనీ గుర్తు అని పెద్దయ్యాక తెలిసింది. కార్ల కంపెనీకి చిత్రిక బ్లేడుతో ఏం సంబంధం?

కోటబురుజు:
కార్లకంటే ముందు పెజో కుటుంబం పనిముట్లే చేసింది. రంపాలు, చిత్రిక బ్లేడులు, కాఫీ గింజలు పొడి చేసే చిన్న యంత్రాలు, తరువాత సైకిళ్లు. సింహం గుర్తును వాళ్లు 1858లో నమోదు చేయించింది రంపాల కోసమే. సింహం పళ్లంత గట్టి పళ్లు, సింహం నడుములా వంగే రేకు, బాణంలా దూసుకుపోయే వేగం, ఈ మూడూ తమ రంపానికి ఉన్నాయని చెప్పడానికి ఆ బొమ్మ. కారు మీదికి ఆ సింహం తరువాత ఎక్కింది. మీ తాతగారి బ్లేడును తుప్పు వదిలించి కొద్దిగా నూనె రాసి ఉంచండి, పారేయకండి.

బాడిస_ఉలి:
దిమ్మె లేకపోతే కొత్తది చేసుకోవచ్చు. బ్లేడు వెడల్పు కొలిచి పంపండి, నేను కొలతలు చెప్తాను. మంచి ఉక్కు దొరకడం కష్టం, కర్ర దొరకడం కష్టం కాదు.

వెన్నెలపిట్ట:
మాది సాహిత్యం. ఇంతసేపూ చదువుతూ కూర్చున్నాను. తెలుగులో 'చిత్రిక పట్టడం' అని రచయితలు ఎంతగా వాడతారో తెలిసిందే. పద్యానికి చిత్రిక పట్టాడు, కథను చిత్రిక పట్టి రాశాడు అంటాం. ఫ్రెంచిలో నిజంగానే చిత్రిక పట్టిన చేత్తో పద్యం రాసినవాడు ఒకడున్నాడు. పేరు ఆదామ్ బియో, నెవేర్ పట్టణంలో వడ్రంగి. 1602లో పుట్టి 1662లో పోయాడు. జనం 'మాస్టర్ ఆదామ్' అన్నారు, 'చిత్రిక పట్టిన వర్జిల్' అని కూడా పిలిచారు. వర్జిల్ అంటే ప్రాచీన లాటిన్ మహాకవి. తన పుస్తకాలకు పనిముట్ల పేర్లే పెట్టుకున్నాడు. 1644లో వచ్చినదాని పేరు 'చీలలు'. చనిపోయిన మరుసటి ఏడు వచ్చినదాని పేరు 'విల్‌బ్రకెఁ', అంటే బెజ్జాలు వేసే బర్మా.

ఆ 'చీలలు' అనే పేరులో చమత్కారం ఉంది. ఫ్రెంచిలో 'షవీయ్' అంటే కర్ర చీల. ఛందస్సు సరిపోవడానికి పద్యపాదంలో ఇరికించే అక్కరలేని మాటను కూడా షవీయ్ అనే అంటారు. మన ఛందస్సులో పాదపూరణం అంటామే, అదే. వడ్రంగి కవి తన కవితలను చీలలు అని పిలుచుకున్నాడంటే వినయమూ ఉంది, గర్వమూ ఉంది. బల్ల నిలబడేది చీలల మీదే కదా.

వాగర్థం:
అద్భుతం. విల్‌బ్రకెఁ మాట కూడా డచ్చి నుంచే వచ్చింది. 'చిన్న తొరపణం' అని అర్థమున్న డచ్చి మాట ఉత్తర ఫ్రాన్సు పలుకుబడిలోంచి వచ్చి రూపు మార్చుకుంది. పోర్చుగీసువాళ్లు దాన్ని 'బెర్బెకీఁ' చేసుకున్నారు. ఆ పనిముట్టు నడుము వంకీ తిరిగి ఉంటుంది, వంకీ పట్టుకుని తిప్పితే కొన తిరుగుతుంది. అదే ఆకారం ఇంజన్‌లో కనిపించింది కాబట్టి ఇప్పుడు ఫ్రెంచి మెకానిక్ విల్‌బ్రకెఁ అంటే మనం క్రాంక్ షాఫ్ట్ అనే భాగం.

మన మాటల సంగతి కూడా చెప్పాలి. బర్మా, చిత్రికకే మరో పేరైన రందా, రెండూ పారశీకం నుంచి ఉర్దూ హిందీల మీదుగా మనకు వచ్చాయి. రందా వెనక గీకడం అనే అర్థమున్న పారశీక క్రియ ఉంది. ఇరాన్ వంటింట్లో కూరగాయలు తురిమే రేకును కూడా అదే పేరుతో పిలుస్తారు. పనివాడు ఊరు మారినప్పుడు పనిముట్టు పేరు వెంట వెళ్తుంది.

పదవేట:
ఒక చిన్న ప్రశ్నకు ఇంత దొరుకుతుందని అనుకోలేదు. అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. ఇక అసలు పనికి వస్తాను. చిత్రం పేరును తెలుగులో ఏమని రాయాలి? ఇంగ్లీషులో 'నేల గీకేవాళ్లు' అన్న అర్థంలో ఒక పేరు బాగా ప్రచారంలో ఉంది. 'రందా కూలీలు' అని ఒక మిత్రుడు సూచించాడు.

బాడిస_ఉలి:
చిత్రం ఇప్పుడే చూశాను. వ్యాసం రాసేముందు నేలను జాగ్రత్తగా చూడండి. నల్లటి పాత మెరుగు ఉన్న చారలూ, తెల్లగా తేలిన చారలూ పక్కపక్కనే ఉన్నాయి. పలకలు తడికీ ఎండకూ అంచుల దగ్గర లేస్తాయి. ఆ లేచిన అంచులను ముందు చిత్రికతో దించుతారు, తరువాత మిగిలిన మెరుగును రేకుతో గీకుతారు. ఆ తెల్ల చారలు ఈ మొదటి పని గుర్తులు. చుట్టలు తిరిగిన పొరలు నేల మీద పడి ఉన్నాయి చూడండి. పాత మెరుగును గీకితే ఎక్కువగా పొడే రాలుతుంది. అందుకే 'గీకేవాళ్లు' అంటే సగం పనే చెప్పినట్టు. కుడివైపు ఇద్దరూ తలలు ఒకరివైపు ఒకరు తిప్పి మాట్లాడుకుంటున్నారు. పని చేతికి అలవాటైనవాళ్లు అలాగే ఉంటారు. సీసా, గ్లాసు కూడా అక్కడే పెట్టుకున్నారు.

వెన్నెలపిట్ట:
నా ఓటు చిత్రికకే. రందా కూడా మంచి మాటే, తెలంగాణలో చాలామంది వడ్రంగులు అదే అంటారు. కానీ మీరు రాసేది చిత్రలేఖనం గురించి. చిత్రిక అంటే చెక్క పనీ వినిపిస్తుంది, మెరుగుపెట్టడమూ వినిపిస్తుంది. కూలీలు అనే మాట వద్దు. అది వాళ్లకు దొరికే డబ్బును చెప్తుంది, చేతిలోని నేర్పును చెప్పదు. ఫ్రెంచి పేరు వాళ్లను పనిముట్టుతోనే గుర్తించింది.

పదవేట:
అయితే ఇలా రాస్తున్నాను: 'చెక్క నేలకు చిత్రిక పడుతున్నవారు'. కింద మొదటి వాక్యం: 'ఫ్రెంచి పనివాళ్లు ఈ పనిముట్టును ఒకప్పటి కుందేలు పేరుతో పిలుస్తారు, ఆ కుందేలు గెంతిన చోటల్లా ఈ నేల తెల్లబడింది.' బాడిస గారు, చారల గురించి మీరు చెప్పింది రెండో పేరాలో మీ మాటల్లోనే పెడతాను. అనుమతి ఇస్తారా?

బాడిస_ఉలి:
పెట్టండి. 'తెల్లబడింది' అని కాకుండా 'తెల్లగా తేలింది' అనండి. మేము అలాగే అంటాం.